మాయజాతి పాత్రలు నమ్మేలా రాయాలంటే: ముందు వాళ్ళకి ఏది కుదరదో తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అరకు దారిలో ఉన్న అనంతగిరి అడవుల్లో జరిగే ఫాంటసీ నవల రాస్తున్నారు. అందులో మనుషుల కంటపడకుండా బతికే ఒక జాతి ఉంది, ఆ జాతి అమ్మాయే మీ కథానాయిక. మూడు భాగాలు చదివిన స్నేహితులు "రెక్కలు తగిలించిన ఇంటర్ అమ్మాయిలా ఉంది" అన్నారు. చెవులు సాగదీశారు, కళ్ళు నీలం చేశారు, అయినా అదే మాట వచ్చింది. ఇంగ్లిష్ కథల్లో ఫెయిరీల్లా రాయాలా, మన యక్షుల్లా గంధర్వుల్లా రాయాలా, ఏం చేస్తే చదివేవాళ్ళు నమ్ముతారు అని అడిగారు. మీరు జతచేసిన మూడు భాగాలూ చదివాకే ఇది రాస్తున్నాను.

సూటిగా చెప్తాను. ఆమె ఎలా ఉంటుందన్నది పక్కన పెట్టి, ఆమెకి ఏది కుదరదో ముందు రాసుకోండి. ఆ కట్టుబాటు ఆమెకే ఇబ్బంది తెచ్చేంత గట్టిగా ఉండాలి, కథ అవసరానికి సడలిపోకూడదు. ఇంకోటి, ఆ జాతి పక్కన తరాలుగా బతుకుతున్న మనుషులకి దాన్నిబట్టి కొన్ని అలవాట్లు ఏర్పడి ఉండాలి. ఈ రెండూ ఉంటే రెక్కలు ఉన్నా లేకపోయినా నమ్ముతారు. లేకపోతే ఎన్ని పేజీల వెన్నెల వర్ణన రాసినా అది ఇంటర్ అమ్మాయే.

నేను విశాఖలోనే ఉంటాను. చాలా ఏళ్ళుగా ఫాంటసీ సీరియల్స్ రాస్తున్నాను, కొత్తగా రాసేవాళ్ళ చిత్తుప్రతులు చదివి నాకు తోచింది చెప్తుంటాను. ఇక్కడ చెప్పేది ఆ పనిలో తెలిసిందే, కొంత జానపద కథలు చదివి తెలుసుకున్నది.

ముందు శక్తుల సంగతి చూద్దాం. మీ అమ్మాయి మాయమైపోగలదు, చెట్లతో మాట్లాడగలదు, గాయాలు మాన్పగలదు, జంతువుల్ని పిలవగలదు. ఇన్ని చేతనైనవాళ్ళ గురించి చదివేవాళ్ళకి ఏం టెన్షన్ ఉంటుంది చెప్పండి? పాత కథలు కట్టినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. ఊర్వశి పురూరవుడితో ఉండటానికి ఒక షరతు పెడుతుంది, నువ్వు దిగంబరంగా నా కంటపడకూడదు అని. వేదకాలపు గ్రంథం శతపథ బ్రాహ్మణంలో ఉన్న కథ ఇది. గంధర్వులకి ఆమెని వెనక్కి తెచ్చుకోవాలని ఉంటుంది, వాళ్ళు ఆ షరతుని చెరపలేరు, దాన్నే వాడుకుంటారు. రాత్రి వచ్చి ఆమె మంచానికి కట్టిన గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతారు. బట్ట చుట్టుకునేంత ఆలస్యం కూడా చెయ్యకుండా పురూరవుడు లేచి పరిగెత్తుతాడు, వాళ్ళు మెరుపు మెరిపిస్తారు, అంతే, ఊర్వశి ఉండదు. ఆమెకి అతని మీద ప్రేమ లేక కాదు. ఇష్టం ఉన్నా ఆ షరతు ఆమెనీ కట్టేస్తుంది. అందుకే అన్ని వేల ఏళ్ళ తర్వాత కూడా ఆ కథ చదివితే గుండె పట్టేసినట్టవుతుంది.

మన తెలుగులోనే చూడండి. ప్రవరుడి కాళ్ళకి సిద్ధుడు రాసిన పసరు హిమాలయాల మంచుకి కరిగిపోయింది కాబట్టే అతను అక్కడ ఇరుక్కుపోయాడు, వరూధిని కంటపడ్డాడు. ఎక్కడికైనా తీసుకెళ్ళే లేపనం మంచుకి ఆగలేదు. ఆ ఒక్క లోపం లేకపోతే మనుచరిత్రలో ఆ ఘట్టమే లేదు.

మీ జాతికి మనుషులతో ఏం పని అన్నది కూడా ఈ కుదరకపోవడంలోంచే రావాలి. అన్నీ ఉన్నవాళ్ళు మన గుమ్మం దగ్గరికి ఎందుకొస్తారు? బ్రిటన్, ఐర్లండ్ జానపద కథల్లో దీనికి జవాబులు చాలా ఉన్నాయి, అన్నీ చాలా మామూలు అవసరాలు. వాళ్ళ ఆడవాళ్ళకి పురుడు పొయ్యడానికి మనిషి మంత్రసాని కావాలి, పిల్లలకి పాలివ్వడానికి మనిషి తల్లి కావాలి, ఆటకి దిగితే జట్టులో బతికున్న మనిషి ఒకడుండాలి. మంత్రసాని కథ ఒకటి చాలాచోట్ల చెప్పుకుంటారు. అర్ధరాత్రి ఎవరో వచ్చి పిలుస్తారు, ఆవిడ వెళ్ళి పురుడు పోస్తుంది, బిడ్డ కళ్ళకి రాయమని లేపనం ఇస్తారు, అది పొరపాటున ఆవిడ కంటికి ఒకదానికి అంటుకుంటుంది. కొన్నాళ్ళకి సంతలో అదే మనిషి దుకాణాల మధ్య తిరుగుతూ ఎవరికీ కనపడకుండా సరుకు ఎత్తుకుంటుంటే చూస్తుంది. "అమ్మా బిడ్డా బాగున్నారా" అని పలకరిస్తుంది. "నన్ను ఏ కంటితో చూస్తున్నావు" అని అడుగుతాడతను. చెప్తుంది. ఆ కన్ను పోతుంది.

అతను క్రూరుడా? పురుడు పోసినందుకు ఆవిడకి మంచి కూలీ ఇచ్చే పంపాడు. కానీ మనిషి కంటపడటం వాళ్ళకి ప్రాణం మీదికి వచ్చే విషయం, అక్కడ మొహమాటం లేదు. ఆ పలకరింపులో ఉన్న మామూలుతనం, వెంటనే వచ్చే ఆ ప్రశ్న, వాటి మధ్య ఉన్న చల్లదనం మీ కథలోకి రావాలి. మీ మూడో భాగంలో అమ్మాయి హీరోకి కనపడటానికి ఏ కారణమూ లేదు, కనపడినందుకు ఆమెకి ఏ నష్టమూ లేదు. మీ స్నేహితులకి తేడా కొట్టింది అక్కడే.

రెండో సగం మనుషులది. చాలామంది రాసేవాళ్ళు ఈ సగాన్ని పట్టించుకోరు. వింత జాతి ఉన్న ఊళ్ళో జనం కూడా మన అపార్ట్‌మెంట్లలో జనంలాగే ప్రవర్తిస్తుంటారు. అలా కుదరదు. పక్కన పులులున్న ఊళ్ళో మనుషులు ఏ వేళకి నీళ్ళకి వెళ్ళాలో, ఎంతమంది కలిసి వెళ్ళాలో వాళ్ళ ఒంటికే తెలుసు, ఎవరూ ఆగి ఆలోచించరు.

మన ఇళ్ళలో చూడండి. బాలింత దిండు కింద కత్తో ఇనప ముక్కో పెడతారు. ఎందుకని అడిగితే "పెట్టాలి, అంతే" అంటారు పెద్దవాళ్ళు. స్కాట్లండ్, ఐర్లండ్‌లలో పసిబిడ్డ ఉయ్యాల మీద అడ్డంగా ఇనప పట్టకారు పెట్టేవాళ్ళు, ఫెయిరీలు బిడ్డని మార్చేస్తారని. వాళ్ళని అసలు పేరుతో పిలిచేవాళ్ళు కూడా కాదు, "మంచివాళ్ళు" అనో "పొరుగువాళ్ళు" అనో అనేవాళ్ళు, వింటే కోపం వస్తుందని. మనవాళ్ళు రాత్రిపూట పాముని పురుగు అంటారు, ఒంటిమీద పొక్కులు లేస్తే "అమ్మవారు పోసింది" అంటారు, ఆ గౌరవంలో సగం భయం. ఇంత సహజమైన సామగ్రి చేతిలో పెట్టుకుని మీరు మీ జాతికి "వన్యమయి" అని పేరు పెట్టి ఊరివాళ్ళందరిచేతా ఆ పేరే పలికించారు. అనంతగిరి దిగువ పల్లెలో ముసలమ్మ ఆ మాట అనదండి. "గెడ్డ అవతలోళ్ళు" అంటుంది. "ఆ మెట్ట మీదోళ్ళు" అంటుంది. లేకపోతే ఏమీ అనకుండా గడ్డంతో అటు చూపిస్తుంది. పేరు ఉండాలనుకుంటే ఆ జాతి తమని తాము పిలుచుకునే పేరు ఒకటి పెట్టుకోండి, దాన్ని నవల మొత్తం మీద ఒకటి రెండుసార్లకి మించి వాడొద్దు.

1999లో ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీలో కొత్త రోడ్డు వేస్తుంటే దారిలో ఒక ముళ్ళచెట్టు వచ్చింది. అది ఫెయిరీలు కలుసుకునే చోటు, కొడితే ఆ రోడ్డు మీద ప్రమాదాలు జరుగుతాయని ఒక కథకుడు గట్టిగా పట్టుబట్టాడు. చివరికి చెట్టుని కొట్టకుండా రోడ్డు ప్లాను సర్దుకున్నారు. ఇందులో ఒక్క ఫెయిరీ కూడా కనపడలేదు. అయినా ఇది విన్నాక ఆ జాతి ఉందేమో అనిపిస్తుంది కదా. నవలలో అది తెప్పించాలి.

చెప్పడం తేలిక కాబట్టి మీ సన్నివేశాన్నే తీసుకుని ఒక ముక్క రాసి చూపిస్తాను. మీ అమ్మాయి మొదటిసారి హీరో ఇంటికి వచ్చే చోటు. మీరు రాసిన దాంట్లో ఆమె వెలుగుతూ దిగుతుంది, హీరో కళ్ళు చెదిరిపోతాయి, ఆమె దాహం అంటుంది, అతను నీళ్ళిస్తాడు. నేను ఆమెకి ఒక కట్టుబాటు పెడతాను: ఈ జాతికి అడగడం కుదరదు. అడిగి తీసుకుంటే బాకీ పడతారు, బాకీ తీరేదాకా వెనక్కి వెళ్ళలేరు. ఉప్పు తగిలింది తినరు. ఈ రెండే. కథ చెప్పేది హీరోనే అనుకోండి, చిన్నప్పటి సంగతి.

*పొద్దువాలుతుండగా ఆవిడ మళ్ళీ వచ్చింది. వాకిట్లో కుండ పక్కన నిలబడింది. నీళ్ళకేసి చూడలేదు, నాకేసి చూడలేదు. "ఏం కావాలండీ" అనబోతే నాయనమ్మ నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది. లోపలికెళ్ళి చోడి అంబలి తెచ్చింది, ఉప్పెయ్యనిది. అరుగు చివర పెట్టింది. తాగమనలేదు. గోడవైపు తిరిగి కూర్చుని చేటలో బియ్యం ఏరడం మొదలెట్టింది, పొద్దున్నే ఏరేసిన బియ్యం. నన్నూ అటు తిరగమంది. చాలాసేపు చేట చప్పుడే వినపడింది. తెల్లారి చూస్తే గిన్నె కడిగి బోర్లించి ఉంది. పక్కన అడ్డాకుల దొంతర, ఈనెలన్నీ ఒకే వైపుకి. నాయనమ్మ లెక్కపెట్టి సగం తీసుకుంది, మిగతా సగం అక్కడే వదిలేసింది. ఎందుకని అడిగితే "ఎక్కువిచ్చింది" అంది.*

ఇందులో ఆవిడ ముఖం ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. కట్టుబాటు ఏమిటో కూడా ఎవరూ చెప్పలేదు. నాయనమ్మకి తెలుసు, తెలిసిన దాన్నిబట్టి చేతులు కదిలాయి, అంతే. అడగడం కుదరని మనిషికి దాహమేస్తే ఏం చేస్తుంది అని ఆలోచిస్తే కుండ పక్కన నిలబడటం దానంతటదే వచ్చింది. బాకీ ఇద్దరికీ బరువే అనుకుంటే సగం ఆకులు వదిలెయ్యడం వచ్చింది. నేను ప్రత్యేకంగా ఊహించిందేమీ లేదు.

ఇప్పుడు ఇదే కట్టుబాటుని పదిహేనో భాగానికి తీసుకెళ్ళండి. ఆమె తమ్ముడు చావుబతుకుల్లో ఉన్నాడు, సాయం చెయ్యగలవాడు హీరో ఒక్కడే, ఆమె అడగకూడదు. వచ్చి అతని ఎదురుగా నిలబడుతుంది. చిన్నప్పుడు గోడకేసి తిరిగిన ఆ కుర్రాడికి ఇప్పుడు అర్థమవుతుందా లేదా? నవల మొత్తం ఆ ఒక్క క్షణం మీద నిలబడుతుంది. దయచేసి అక్కడ "ప్రేమ శక్తికి నియమం తెగిపోయింది" అని మాత్రం రాయొద్దు. చాలామంది అదే చేస్తారు, ఆ నిమిషంలో అంతవరకు కట్టిందంతా కూలిపోతుంది. అడగనివ్వండి కావాలంటే, కానీ బాకీ పడనివ్వండి, వెనక్కి వెళ్ళలేకపోనివ్వండి.

కట్టుబాట్లు రెండు మూడు చాలు. మీ రెండో భాగంలో ఆ జాతి పెద్ద వచ్చి తమ నియమాలు వరసగా చెప్పే ఉపన్యాసం ఉంది, అది మొత్తం కొట్టెయ్యండి.

ఇక ఇంగ్లిష్ ఫెయిరీలా, మన యక్షులా అన్న ప్రశ్న. నా ఉద్దేశంలో ఎక్కడినుంచి తెచ్చుకున్నా ఫరవాలేదు, తెచ్చుకున్న దాన్ని మీ నేల మీద నిలబెట్టి చూడాలి. ఇనుమంటే భయం అన్నదాన్నే తీసుకోండి. అక్కడి ఫెయిరీలకి ఇనుము పడదు. మీరూ అది పెట్టారు, మొదటి భాగంలో హీరో తాళంచెవి తగిలి ఆమె చెయ్యి కాలుతుంది. ఆ తర్వాత దాని ఊసే లేదు. కానీ మీరు రాస్తున్న అనంతగిరి కొండల్లోంచే కొత్తవలస కిరండూల్ లైను వెళ్తుంది. 1960ల్లో ఆ లైను వేసిందే ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి ఎగుమతి చెయ్యడానికి. కొండలు తొలిచి సొరంగాలు చేశారు. అంటే ఇనుము పడని జాతి ఉంటున్న కొండ కడుపులోంచి ఇనుము మోసుకుంటూ రాత్రీ పగలూ గూడ్సు బళ్ళు వెళ్తున్నాయి! ఆ లైను పడ్డప్పుడు వాళ్ళకి ఏమైంది? ఎవరు పోయారు, ఎవరు అటు ఒరిస్సా వైపు వెళ్ళిపోయారు, పట్టాలకి అటూ ఇటూ విడిపోయిన కుటుంబాలు ఏమయ్యాయి? మీ కథానాయికకి అమ్మమ్మ పట్టాల అవతలే ఉండిపోయిందనుకోండి. బొర్రా స్టేషన్లో అరకు రైలు దిగే టూరిస్టులకి తెలియని ఒక చరిత్ర మీ చేతికి దొరుకుతుంది. ఇది మీకు ఏ ఇంగ్లిష్ నవలలోనూ దొరకదు, మన పురాణాల్లోనూ దొరకదు.

గాజువాక నుంచి ఒక కుర్రాడు పంపిన చిత్తుప్రతిలో ఇలాంటిదే చూసి చాలా సంతోషపడ్డాను. అతని పాత్ర ఇనుము ముట్టుకోలేని ముసలివాడు, స్టీల్‌ప్లాంట్ రాకముందు నుంచి అక్కడే ఉన్నవాడు. బస్సెక్కలేడు, గేటు తియ్యలేడు, బోరింగు కొట్టుకోలేడు. ఎవరైనా గేటు తీసి వెళ్తుంటే వాళ్ళ వెనకే దూరతాడు. విశాఖలో రైలు పట్టాలు దాటకుండా ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళొచ్చో అతనికి మాత్రమే తెలుసు. ఒక్క నియమంతో ఊరంతా కొత్తగా కనిపించింది నాకు.

నేను ఎర్రమట్టి దిబ్బల్లో ఉండే జాతి గురించి ఒక పెద్ద కథ రాశాను. ఐర్లండ్‌లో ఫెయిరీలు మట్టి దిబ్బల కింద ఉంటారు, భీమిలి దారిలో మనకీ దిబ్బలున్నాయి, అక్కడినుంచి మొదలైంది ఆలోచన. కానీ ఆ మట్టి ఎర్రగా ఉండేదే ఇసుక రేణువుల మీద ఐరన్ ఆక్సైడ్ పట్టి ఉండటం వల్ల. కాబట్టి ఇనుము భయం అక్కడ చెల్లదు. వాళ్ళకి వేరే భయం కావాలి. ఆ దిబ్బల్ని చూస్తే అది తెలిసిపోతుంది: ప్రతి వానాకాలం నీళ్ళు కోసుకుంటూ పోతాయి, కిందటేడు ఉన్న దారి ఈ ఏడు ఉండదు. నా జాతికి ఇల్లు ఏటా కరిగిపోతుంది, వాళ్ళకి "నిరుడు" అన్నది చోటుగా మిగలదు. అందుకే వాళ్ళు దేన్నీ దాచుకోరు, మాటిస్తే ఆ వానాకాలం దాకానే. కథలో మనిషి పాత్ర జీవితాంతానికి మాట అడుగుతుంది. గొడవ అక్కడ మొదలవుతుంది.

గోస్తని కూడా ఉంది మీకు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చి, తాటిపూడి రిజర్వాయర్ దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది వెంట తిరిగే జాతికి ఆనకట్ట ఏమవుతుందో ఆలోచించండి.

ఒక జాగ్రత్త, ఇది నాకు చాలా ముఖ్యం. మీ జాతి వేషభాషలు కొన్నిచోట్ల అక్కడి ఆదివాసులవే. ధింసా లాంటి నృత్యం, ముక్కుకి మూడు పోగులు, సంతలో అల్లం అమ్మడం. అరకు ప్రాంతంలో బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోందులు, గదబలు, పోర్జాలు ఉంటున్నారు. చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, మీ నవల వాళ్ళూ చదవొచ్చు. ఉన్న మనుషుల కట్టూ బొట్టూ తీసి మాయజాతికి తొడిగితే ఆ మనుషుల్ని మనుషుల్లోంచి తీసేసినట్టే. అడవిలో ఉంటారు కాబట్టి వింతవాళ్ళు అన్న చూపు మనకి తెలియకుండానే వచ్చేస్తుంది. ఆదివాసులు మీ కథలో ఉండాలి, తప్పకుండా ఉండాలి, పొరుగున ఉన్న మనుషులుగా, ఆ జాతి సంగతి అందరికన్నా బాగా తెలిసినవాళ్ళుగా, పేర్లూ పనులూ ఉన్నవాళ్ళుగా. మాయజాతికి కావలసిన గుర్తులు వేరే తయారు చేసుకోండి.

ఆ గుర్తులు ఎలా ఉండాలంటే, చిన్నవిగా. మహాభారతంలో దమయంతి స్వయంవరానికి నలుగురు దేవతలు నలుడి రూపంలోనే వచ్చి కూర్చుంటారు. ఆమె ఎలా కనిపెట్టింది? వాళ్ళకి చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలో పూలు వాడవు, ఒంటికి దుమ్ము అంటదు, కాళ్ళు నేలకి ఆనవు. నలుడికి నీడ ఉంది, దండ వాడింది, చెమట ఉంది. దేవతల్లో ఏముందో కాదు, ఏం లేదో చూసింది ఆమె. మే నెలలో విశాఖలో బస్టాపులో నిలబడిన మనిషికి చెమట పట్టకపోతే చాలు, మెడ వెనక వెంట్రుకలు లేస్తాయి. నీలం కళ్ళు అక్కర్లేదు.

మాట విషయానికొస్తే, మీ అమ్మాయి ఒకచోట "ఓ మానవా, నీ హృదయము" అంటుంది, ఇంకోచోట "నువ్వు చాలా క్యూట్" అంటుంది. ఆమె తెలుగు ఎవరి దగ్గర నేర్చుకుందో ముందు తేల్చండి. పుట్టుకతో వచ్చిన భాష కాదు కదా. సంతల్లో చాటుగా విని నేర్చుకుందంటే ఉత్తరాంధ్ర యాసే వస్తుంది, "ఏటి", "ఎల్లిపోనారు" అంటుంది, బేరం మాటలూ తిట్లూ బాగా వస్తాయి, ప్రేమ మాటలు రావు. ఎనభై ఏళ్ళ కిందట నేర్చుకుని ఆపేసిందంటే అణాలు, కానీలు అంటుంది. గ్రాంథికం పెడితే గంభీరంగా ఉంటుందని అనిపిస్తుంది గానీ పౌరాణిక నాటకం గుర్తొస్తుంది, అంతకుమించి ఏమీ రాదు.

కాలం గురించి కొంచెం. వాళ్ళ లోకంలో మూడేళ్ళు ఇక్కడ మూడొందల ఏళ్ళు అన్నది ఐర్లండ్ కథల్లో ఉంది. ఓషీన్ అనే వీరుడు తిరిగొచ్చి గుర్రం మీంచి నేల మీద పడగానే ముసలివాడైపోతాడు. మనకీ ఉంది, కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్ళిన రాజు కకుద్మి, గంధర్వుల పాట అయిపోయేదాకా ఆగి సంబంధం గురించి అడిగితే, ఈలోపు భూమ్మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయంటాడు బ్రహ్మ. తను అనుకున్న పెళ్ళికొడుకులు, వాళ్ళ మనవలు, అందరూ పోయారు. అంకె పెద్దదైతే బాధ పెద్దది కాదు. 1930లో విశాఖ రేవు దగ్గర నీళ్ళలోకి వెళ్ళిన జాలరి పదేళ్ళకి తేలాడనుకోండి. 1933లో హార్బర్ తెరిచారు. తను వలేసిన ఉప్పుటేరు చిత్తడంతా తవ్వి ఓడలు తిరిగే కాలువ చేసేశారు. పెళ్ళాం బతికే ఉంది, వేరే ఇంట్లో ఉంది. పదేళ్ళు చాలు.

మంచీ చెడుల సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. వాళ్ళని మరీ ముద్దుగా రాయొద్దు. 1895లో ఐర్లండ్‌లోని టిప్పరరీలో బ్రిజెట్ క్లియరీ అనే ఆవిడని సొంత భర్తే కాల్చి చంపాడు, ఈమె నా భార్య కాదు, ఫెయిరీలు మార్చి పెట్టిన మనిషి అంటూ. ఆవిడకి జబ్బు చేసింది, అంతే. మన ఏజెన్సీలో చిల్లంగి, అంటే చేతబడి అనుమానంతో చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మీ నాలుగో భాగం సినాప్సిస్‌లో "మార్చి పెట్టిన బిడ్డ" మలుపు ఉంది, ఆ బిడ్డ మాట్లాడదు, అందుకే ఊరికి అనుమానం. ఇలాంటి నమ్మకాల వల్ల నిజంగా దెబ్బతిన్నది మాటరాని పిల్లలు, జబ్బుపడ్డ ఆడవాళ్ళు. ఆ మలుపు ఉంచండి, కానీ బిడ్డ మనిషి బిడ్డే అయ్యుండాలి, ఊరి అనుమానం తప్పయ్యుండాలి. మాయజాతి నిజంగా ఉన్న లోకంలో కూడా మనుషులు తప్పు మనిషినే అనుమానిస్తారు. అప్పుడు కథ ఇంకా బలపడుతుంది, ఎవరికీ హానీ జరగదు.

పిల్లల కోసం రాసే కథలకి ఇంత బరువు అక్కర్లేదు. అక్కడ మెరుపులూ నవ్వులూ ఉండొచ్చు. అయినా ఒక్క కట్టుబాటు మాత్రం ఉంచండి, పిల్లలు పెద్దవాళ్ళకన్నా నియమాల్ని గట్టిగా పట్టుకుంటారు.

చివరగా రెక్కలు. పాత జానపద కథల్లో వాళ్ళకి ఎక్కువగా రెక్కలుండవు, చాలాచోట్ల మనిషంత మనుషులే. చిన్న రెక్కల బొమ్మ తర్వాత కాలం చిత్రకారులూ నాటకాలవాళ్ళూ స్థిరపరిచింది. 1917లో ఇంగ్లండ్‌లోని కాటింగ్లీలో ఇద్దరు ఆడపిల్లలు ఫెయిరీలతో ఫొటోలు దిగారు, షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయిల్ అంతటివాడు నమ్మి పత్రికలో రాశాడు. అవి కత్తిరించిన అట్టబొమ్మలని 1983లో వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ ఫొటోల్లో అందరికీ తెలిసిన రెక్కలే ఉన్నాయి, ఎందుకంటే పుస్తకంలో బొమ్మలు చూసి గీసుకున్నవి.

మీ మూడు భాగాల్లో రెక్కలు చాలాచోట్ల మెరుస్తాయి గానీ వాటితో ఆమె ఒక్క పనీ చెయ్యలేదు. తీసెయ్యమనే నా సలహా. ఉంచాలనుకుంటే అనంతగిరి కాఫీ తోటల్లో, మిరియాల తీగలు అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఆమె వాటిని ఎలా ముడుచుకుని నడుస్తుందో, జూలై ముసురులో ఎక్కడ ఆరబెట్టుకుంటుందో ఒక పేజీ రాసి చూడండి. ఆ పేజీ వస్తే రెక్కలు ఉండనివ్వండి.